రేణువు తగ్గిన రంగు మారును

ప్రొద్దుటూరు వస్త్రదుకాణములలో చీర కొనువారు ఒక పని తప్పక చేయుదురు. పరచిన పట్టుచీర చెంగును చేతబట్టుకొని వాకిటి వెలుతురులోనికి వచ్చి, అటునిటు త్రిప్పి చూచి, పిదపనే బేరమాడుదురు. దుకాణదారుడును దీనిని తప్పుగా భావింపడు. లోపల దీపముల క్రింద ఒక ఛాయగా తోచినది బయట ఎండలో మరొక ఛాయగా తోచుట అందరెరిగినదే. ఈ అలవాటులో ఒక శాస్త్రసత్యము ఇమిడియున్నది. రంగు వస్తువునందు మాత్రమే లేదు. దానిపై పడు వెలుగునందును ఉన్నది. ఆ వెలుగులో వస్తువు దేనిని మ్రింగి, దేనిని తిరిగి పంపునో అదియే మన కంటికి రంగు.

అయినను వస్తువు పరిమాణమునకును, దాని రంగునకును సంబంధము లేదని మనమందరమును నమ్ముదుము. ఆ ఊరి బంగారపు అంగళ్ళలో కడ్డీగా నున్న పసిడియు, అక్కసాలె ఆకురాయి క్రింద రాలిన రజనును ఒకే వన్నె. పసుపు చిటికెడైనను పసుపే, బస్తాడైనను పసుపే.

జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములవారు ఇందుకు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. నల్లని నాపరాతిని కోయునపుడు లేచు దుమ్ము తెల్లగా నుండును గదా యని. నిజమే. కాని అక్కడ రాతి స్వభావము మారలేదు. పొడిలోని లెక్కలేని ముఖములపై వెలుగు పడి నలువైపుల చెదరుటచేత తెలుపు తోచును. ఆ పొడిని నీటితో తడిపిన, మరల ముదురు ఛాయ తిరుగును.

మేము నేడు చెప్పబోవునది అటువంటి పైపై మార్పు కాదు. ఒకే పదార్థము, ఒకే రసాయన సూత్రము, ఒకే విధమైన స్ఫటికము. రేణువు కొంచెము పెద్దదైన ఎఱ్ఱగా వెలుగును; తగ్గించిన పచ్చగా, మరియు తగ్గించిన నీలముగా వెలుగును. అద్దకపు రంగు కలుపలేదు. వేరొక మూలకము చేర్చలేదు. మారినది పరిమాణమొక్కటే. అట్టి రేణువులకు క్వాంటం చుక్కలని పేరు. అవి ఇప్పుడు టెలివిజన్ తెరలలోనికిని వచ్చినవి గనుక వాని గుణదోషములు రెండును గృహస్థులు తెలిసికొనదగినవి.

రేడియోలోని స్ఫటికము

క్వాంటం చుక్కలు అర్ధవాహకములతో చేసినవి. రేడియో గల గృహములవారికి అర్ధవాహకము క్రొత్త చుట్టము కాదు. రాగి, వెండి వంటి లోహములలో విద్యుత్తు ధారాళముగా ప్రవహించును. గాజు, పింగాణి, లక్క దానిని పోనీయవు. ఈ రెండు జాతుల నడుమ నుండి, సమయమునుబట్టి పోనిచ్చుచు, సమయమునుబట్టి ఆపుచు నుండునవి అర్ధవాహకములు. సిలికాన్, జెర్మేనియం ఇట్టివి. సీసపు సల్ఫైడు ఇట్టిదే. పూర్వము కంటి సుర్మా నూరుటకు వాడిన నల్లని మెరుపురాయి ఈ సీసపు సల్ఫైడే. ఖనిజశాస్త్రమున దానిని గాలెనా యందురు. కడప జిల్లాలో జంగంరాజుపల్లె ప్రాంతపు శిలలయందు సీసపు ఖనిజము కలదు.

జగదీశ చంద్ర బోసు గారు గాలెనాతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమును నిర్మించి, 1901లో అమెరికాలో పేటెంటు కోరిరి. అది 1904లో లభించెను. తరువాత వచ్చిన స్ఫటిక రేడియోలలో బ్యాటరీ అక్కరలేదు. సన్నని తీగ మొనను గాలెనా ముక్కపై అక్కడక్కడ తాకించుచు, ధ్వని చక్కగా వినబడు చోటును వెదకెడివారు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన పిదప, వాల్వుల పెట్టె స్థానమున చేతిలో ఇమిడెడి రేడియో వచ్చెను. ఈ చరిత్రలో అర్ధవాహకము విద్యుత్తును అదుపు చేయు పని చేసినది. అదే పదార్థము వెలుగునెట్లు అదుపు చేయునో ఇప్పుడు చూతము.

అర్ధవాహకములోని ఎలక్ట్రాన్లకు రెండు గట్లున్నవనియు, నడుమ ఒక కాలువ ఉన్నదనియు ఊహింతము. మన కె.సి. కాలువను దూకి దాటదలచినవానికి సగము దాటుట అను మాట లేదు. దాటిన ఆవలి గట్టు. దాటలేకున్న ఈవలి గట్టు. ఎలక్ట్రాను సంగతియు అంతే. దానికి కాలువ వెడల్పునకు తగిన బలము ఒక్క పెట్టున అందవలెను. వెలుగు ఈ బలమును చిన్న చిన్న పొట్లములుగా తెచ్చును. ఎఱ్ఱని వెలుగు పొట్లములో బలము తక్కువ, నీలి వెలుగు పొట్లములో ఎక్కువ. కాలువ వెడల్పునకు చాలని పొట్లమును పదార్థము ముట్టుకొనదు. ఆ వెలుగు దానిగుండ సాగిపోవును. చాలినదానిని మ్రింగును. అపుడు ఎలక్ట్రాను ఆవలి గట్టు చేరును. ఈవలి గట్టుపై అది విడిచిన చోట ఒక ఖాళీ మిగులును. కొంతసేపటికి ఎలక్ట్రాను తిరిగి వచ్చి ఆ ఖాళీని పూరించును. వచ్చునపుడు తన అదనపు బలమును వెలుగుగా విడిచిపెట్టవచ్చును. ఆ వెలుగు రంగు కాలువ వెడల్పునుబట్టి యుండును.

ఈ వెడల్పు ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్కటి. కాడ్మియం సెలినైడు అను అర్ధవాహకము పెద్ద ముక్కగా నున్నపుడు దాని వెడల్పు 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు. రంగు లెక్కలో ఇది సుమారు 710 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము, అనగా కంటికి ఆనీ ఆనని ముదురెరుపు. ముక్కను రెండుగా చేసినను, వేయిగా చేసినను ఈ సంఖ్య మారదు. కంటికి కనబడు ముక్కల వరకు ఇది సత్యము.

తీగ పొట్టిదైన శ్రుతి హెచ్చును

ముక్క మరీ చిన్నదైనపుడు ఈ నియమము తప్పును. ఎంత చిన్నది? ఒక నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. 6 మిల్లీమీటర్ల పొడవుగల ఒక బియ్యపు గింజ ప్రక్కన 6 నానోమీటర్ల రేణువులను వరుసగా పేర్చిన పదిలక్షలు పట్టును. అట్టి రేణువులో కొన్ని వందలు మొదలు కొన్ని వేల పరమాణువులు మాత్రమే యుండును. కాని ఆ పరమాణువులు పెద్ద స్ఫటికములోవలెనే క్రమముగా పేర్చబడియుండును.

ఇంత ఇరుకున ఎలక్ట్రాను ఏమి చేయును? ఎలక్ట్రాను గుండువంటి వస్తువు మాత్రమే కాదు, తరంగము కూడ. ఇరువది యవ శతాబ్దపు భౌతికశాస్త్రము నేర్పిన పెద్ద పాఠమిది. తరంగమును ఇరుకున బంధించిన నేమగునో వీణ విన్నవారికి చెప్పనక్కరలేదు. వైణికుడు మెట్టుపై వ్రేలుంచి తీగ మ్రోగు భాగమును పొట్టిచేసినకొలది శ్రుతి హెచ్చును. తీగ అదే, బిగువు అదే. పొడవు తగ్గుటచేతనే స్వరము పైకెక్కినది. అట్లే రేణువు చిన్నదైనకొలది దానిలో చిక్కిన ఎలక్ట్రాను తరంగపు శక్తి హెచ్చును. ఖాళీకిని ఇదే గతి. ఫలితముగా రెండు గట్ల నడుమ కాలువ వెడల్పగును. ఈ హెచ్చు పరిమాణపు వర్గమునకు విలోమముగా నుండును; అనగా రేణువు సగమైన, బంధనమువలన కలిగిన అదనపు శక్తి ఇంచుమించు నాలుగు రెట్లగును.

ఈ ప్రభావము కనబడుటకు ఒక హద్దున్నది. పెద్ద స్ఫటికములో ఎలక్ట్రానును, అది విడిచిన ఖాళీయును పరస్పరాకర్షణచేత జంటగా తిరుగును. ఆ జంటకు సహజమైన విస్తీర్ణమొకటి కలదు. కాడ్మియం సెలినైడులో దాని వ్యాసార్ధము సుమారు 5, 6 నానోమీటర్లు. స్ఫటికము ఇంతకంటె చిన్నదైనపుడు జంటకు చోటు చాలదు. రంగు మారుట అప్పుడు ఆరంభమగును. ఇంచుమించు 6 నానోమీటర్ల అడ్డుకొలత గల కాడ్మియం సెలినైడు రేణువులు ఎఱ్ఱగా వెలుగును. 3 నానోమీటర్ల వద్ద పచ్చ. 2 నానోమీటర్ల వద్ద నీలము. ఇంద్రధనుస్సు అంతయు నాలుగు నానోమీటర్ల తేడాలో ఇమిడినది.

ఒక జాగ్రత్త చెప్పవలెను. బంగారపు రేణువులును బహుసూక్ష్మములైనపుడు నీటిలో కెంపు రంగు చూపును. మైకేల్ ఫారడే గారు 1857లోనే దీనిని పరిశోధించిరి. అయితే దాని కారణము వేరు. లోహములో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రాన్లన్నియు వెలుగు తాకిడికి కలసి ఊగుటచేత ఆ ఎరుపు కలుగును. అక్కడ గట్లు లేవు, కాలువ లేదు. మన విషయము అర్ధవాహకములది.

చుక్కల వెలుగు గుణములు

క్వాంటం చుక్కల వెలుగు సాధారణమైన రంగు పదార్థముల వెలుగునుండి మూడు విషయములలో భేదించును.

మొదటిది, అవి మ్రింగు వెలుగు బహువిధము, విడుచు వెలుగు ఏకవిధము. కాలువ వెడల్పునకు మించిన ఏ పొట్లమునైనను చుక్క మ్రింగగలదు. ఎక్కువ బలముతో దూకిన ఎలక్ట్రాను ఆ హెచ్చును వేడిగా విడిచి, గట్టు అంచునకు దిగి, అక్కడనుండి తిరుగు ప్రయాణము చేయును. కావున అతినీలలోహిత దీపమొకటి చాలును; దాని ముందు వివిధ పరిమాణముల చుక్కలుగల సీసాలుంచిన, ఒక్కొక్కటి తన రంగుతో తాను వెలుగును. సాధారణమైన ప్రతిదీప్తి రంగులకు ఒక్కొక్కదానికి తగిన దీపము వేరుగా కావలెను.

రెండవది, విడుచు వెలుగు మిక్కిలి స్వచ్ఛము. బాగుగా చేసిన చుక్కల రంగు 20 మొదలు 30 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు పట్టీలోనే యుండును. పచ్చ పచ్చగానే యుండును గాని పసుపులోనికి జారదు. అయితే ఈ స్వచ్ఛతకు అన్ని రేణువులును ఒకే కొలతగా నుండవలెను. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి కలసిన, శ్రుతి కలియని బృందగానమువలె రంగు చెదరును.

మూడవది, చుక్క ఉపరితలము దాని బలహీనత. రేణువు చిన్నదైనకొలది దాని పరమాణువులలో అధికభాగము పైపొరలోనే యుండును. అక్కడ పూర్తిగా ముడిపడని బంధములున్న, ఎలక్ట్రాను వానిలో చిక్కి, వెలుగు నీయక వేడిగా ఆరిపోవును. 1996లో కాడ్మియం సెలినైడు చుక్కపై జింకు సల్ఫైడు అను మరొక అర్ధవాహకమును పెంకుగా పెంచి, మ్రింగిన పొట్లములలో ఇంచుమించు సగము వెలుగుగా తిరిగివచ్చునట్లు చేసిరి. నేటి మేలైన చుక్కలలో ఈ పాలు తొంబది శాతమును మించినది. అదే సంవత్సరమున మరొక వింతయు బయటపడెను. ఒంటి చుక్కను సూక్ష్మదర్శినిలో చూచిన, అది మిణుగురువలె వెలిగి, ఆరి, మరల వెలుగుచుండును. కోట్లకొలది చుక్కలు కలసియున్నపుడు ఈ మినుకు మన కంటికి తెలియదు.

గాజులోను, సీసాలోను

పరిమాణమునుబట్టి గుణము మారవచ్చునని హెర్బర్ట్ ఫ్రోలిక్ అను శాస్త్రజ్ఞుడు 1937లోనే సూచించెను. కాని దానిని వెలుగులో చూపుటకు నలువది యేండ్లు పైగా పట్టెను. లెనిన్‌గ్రాడులోని వావిలోవ్ దృక్‌శాస్త్ర సంస్థలో అలెక్సీ యెకిమోవ్ గారు రంగుగాజులను పరిశీలించుచుండిరి. రాగి క్లోరైడు కలిపిన గాజును 500 మొదలు 700 డిగ్రీల వేడిలో, ఒక గంట మొదలు 96 గంటలవరకు ఉంచి చూచిరి. గాజులో ఏర్పడిన స్ఫటికములు 2 మొదలు 30 నానోమీటర్ల వరకు పెరిగెను. చిన్న స్ఫటికములుగల గాజు నీలి దిక్కునకు జరిగిన వెలుగును మ్రింగుచుండెను. 1981లో వారు దీనిని ప్రకటించిరి. వారి సహచరులు అలెగ్జాండర్ ఎఫ్రోస్ గారు దీనికి గణితరూపమిచ్చిరి.

అదే కాలమున బెల్ ప్రయోగశాలలో లూయీ బ్రస్ గారు, రష్యాలో జరిగినది తెలియకయే, వేరొక పనిలో నుండిరి. ఎండబలముతో రసాయన క్రియలు జరిపింపవలెనని వారి యత్నము. అందుకై ద్రవములో కాడ్మియం సల్ఫైడు రేణువులను చేసి బల్లపైనుంచగా, కొంతకాలమునకు వాని వెలుగు గుణము మారియుండెను. రేణువులు పెరుగుటయే కారణమేమో అని శంకించి పరీక్షించిరి. క్రొత్త రేణువులు 4.5 నానోమీటర్లు, నిలువయున్నవి 12.5 నానోమీటర్లు. 1983లో ఈ సంగతి వెలువడెను.

అయితే ఒకే కొలత రేణువులను కోరినట్లు చేయుట ఇంకను చేతకాలేదు. బ్రస్ గారి వద్ద పనిచేసిన మౌంజీ బావెండి గారు, 1993లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో తమ శిష్యులతో కలసి, ఆ ఉపాయము కనుగొనిరి. దీనిని మన వంటయింటి భాషలో చెప్పవచ్చును. బూందీ గింజలన్నియు ఒకే తీరుగా రావలెనన్న, నూనె బాగుగా కాగియుండవలెను. పిండి ఒక్కసారిగా పడవలెను. వారును కాగిన ద్రావణిలోనికి ముడిపదార్థమును సూదితో ఒక్కసారిగా చిమ్మిరి. అసంఖ్యాకములైన బీజస్ఫటికములు ఒక్క క్షణముననే పుట్టెను. వెంటనే వేడి తగ్గుటచే క్రొత్తవి పుట్టుట ఆగిపోయెను. పిదప నెమ్మదిగా వేడిచేయగా, పుట్టినవన్నియు కలసికట్టుగా పెరిగెను. ఎంతసేపు ఉంచిన అంత పెద్దవి. కావలసిన రంగు రాగానే దింపుకొనుటయే. ఈ ముగ్గురకును 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను.

మనుష్యుడు ఎరుగకయే ఇట్టి స్ఫటికములను చేసిన వృత్తాంతము మరొకటి కలదు. ప్రాచీన గ్రీకు, రోమను దేశములలో సున్నమును, సీసపు సమ్మేళనమును నీటితో కలిపి తలవెంట్రుకలు నలుపు చేసికొనెడివారు. 2006లో ఆ విధానమును పరీక్షింపగా, వెంట్రుకలోని గంధకముతో సీసము కలసి, వెంట్రుక లోపల సుమారు 5 నానోమీటర్ల సీసపు సల్ఫైడు స్ఫటికములు ఏర్పడినట్లు తేలెను. రేడియోలోని గాలెనాయే ఇక్కడ జుట్టు రంగైనది.

ఇంటిలోని వెలుగు

ఇక చీర సంగతికి వత్తము. పూర్వపు తంతి బల్బు వెలుగులో ఎరుపు సమృద్ధి, నీలము కొరత. నేటి తెల్లని ఎల్‌ఈడీ దీపములో లోపల నున్నది నీలి వెలుగునిచ్చు అర్ధవాహకము. దానిపై పూసిన పసుపు పొడి ఆ నీలములో కొంత మ్రింగి పసుపుగా విడుచును. నీలము, పసుపు కలసి కంటికి తెలుపుగా తోచును. కాని చౌకదీపముల వెలుగులో ముదురెరుపు చాలదు. నీలమునకు, పచ్చకు నడుమ ఒక లోయవంటి కొరత యుండును. వెలుగులో లేని ఎరుపును చీర తిరిగి పంపలేదు. కావుననే కుంకుమ రంగు చీర అక్కడ వెలవెల పోవును. బంగారపు వన్నెయు చల్లబడును. వాకిట ఎండలో అన్ని రంగులును కలవు.

630 నానోమీటర్ల దగ్గర ఎఱ్ఱగా వెలుగు చుక్కలను కలిపిన ఈ కొరత తీరును. పట్టీ సన్నదగుటచే, కంటికి కనబడని పరారుణముగా వెలుగు వృథా కాదు. ఈ ఎరుపును తీర్చు ఇతర పొడులును విపణిలో కలవు. ఏది కలిపినను కొనువారు చూడవలసినది దీపపు పెట్టెపై ముద్రించు సి.ఆర్.ఐ. అను సంఖ్య. సూర్యకాంతికి అది 100గా లెక్క. 80 సాధారణము, 90 దాటినది బట్టలకు, నగలకు మేలు.

టెలివిజన్ తెరలో చుక్కల ప్రయోజనము ఇంకను స్పష్టము. తెర వెనుక నీలి దీపములుండును. వాని ముందు పచ్చ చుక్కలు, ఎఱ్ఱ చుక్కలు చల్లిన పలుచని పొర యుండును. నీలములో కొంత పొరలో పచ్చగాను ఎరుపుగాను మారి, కొంత అట్లే సాగివచ్చును. ఈ మూడు స్వచ్ఛమైన రంగులతో తెరపై బొమ్మ ఏర్పడును. సోనీ సంస్థవారు 2013లో ఇట్టి పెట్టెలను విపణికి తెచ్చిరి. ఇక్కడ కొనువారు ఒకటి గ్రహింపవలెను. క్యూఎల్‌ఈడీ అను పేరుతో అమ్ముడగు పెట్టెలలో చుక్కలు విద్యుత్తుచేత స్వయముగా వెలుగుట లేదు. నీలి దీపపు వెలుగును మార్చియిచ్చుచున్నవి. విద్యుత్తుతో తామే వెలుగు చుక్కల తెరలు ప్రయోగశాలలలో కలవు గాని, నీలి చుక్కల ఆయువు చాలకపోవుట వానికి పెద్ద అడ్డంకిగా నున్నది. పేరు చూచి కాక, బొమ్మ చూచి కొనుట మంచిది.

మన ఎండలో

జమ్మలమడుగు చెంతనున్న మైలవరం మండలములో సూర్యకాంతినుండి విద్యుత్తు తీయు పలకలు విస్తారముగా పరచబడినవి. సౌరపలకలలో అధికముగా వాడబడు సిలికాన్‌నకు కాలువ వెడల్పు సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. 1100 నానోమీటర్లకు మించిన పరారుణము సిలికాన్‌నకు చాలదు, దానిగుండ పోవును. నీలి వెలుగునకు బలము మిక్కిలి. ఆ మిగులు వేడిగా పోవును. ఎండ ఎంత మెండైనను ఈ రెండు నష్టములు తప్పవు. సీసపు సల్ఫైడు చుక్కలతో వెడల్పును కోరినట్లు అమర్చి, సిలికాన్ విడిచిన పరారుణమును గూడ పట్టవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ. చుక్కలతో చేసిన సౌరఘటములు ప్రయోగశాలలలో సుమారు 18 శాతము సామర్థ్యము చూపినవి. కాని మన వేసవి ఎండలో ఇరువది అయిదేండ్లు నిలుచుట వేరు మాట. ఆ పరీక్షలో సిలికాన్ నెగ్గినది. చుక్కలు ఇంకను నెగ్గవలెను.

ఈ పరిశోధన దూరదేశములకే పరిమితము కాదు. కడపలో 2006లో నెలకొన్న యోగి వేమన విశ్వవిద్యాలయపు పదార్థవిజ్ఞాన, నానో సాంకేతిక శాఖలో ఎం. వి. శంకర్ గారి బృందమువారు, టైటానియం డయాక్సైడుపై రాగి ఆక్సైడు క్వాంటం చుక్కలను నిలిపి, వెలుగు సాయమున హైడ్రోజన్ వాయువును తీసిన పనిని 2018లో ప్రకటించిరి. టైటానియం డయాక్సైడు వెలుగు మ్రింగి ఎలక్ట్రానును ఆవలి గట్టు చేర్చగలదు. కాని ఎలక్ట్రాను వెంటనే తిరిగి ఖాళీలో పడిపోవును. రాగి ఆక్సైడు చుక్క ఆ ఎలక్ట్రానును తనవైపు లాగుకొనును. జంట విడిపోయినందున ఎలక్ట్రానుకు నీటిపై పనిచేయు వ్యవధి దొరకును, హైడ్రోజన్ వెలువడును. బ్రస్ గారు నలువది యేండ్ల క్రిందట దేనికై రేణువులు చేసిరో, ఆ పనియే మన జిల్లాలో సాగినది.

విదేశములలో తోటల గాజుగృహములపై చుక్కల పొర పరచి, అతినీలలోహితమును మొక్కకు ఉపయోగపడు ఎరుపుగా మార్చు ప్రయత్నములును జరిగినవి. ఎండ తక్కువైన చోట్ల అది లాభము కావచ్చును. పులివెందుల చీనీతోటలవారికి ఎండకు కొరత లేదు, కొరత నీటికి. ప్రతి క్రొత్త సాధనమును మన అవసరముతో తూచి చూడవలెనుగదా.

చిన్నదాని వెనుక పెద్ద అపాయము

ఇంతవరకు చెప్పిన సొగసునకు ఒక వెల కలదు. అన్నిటికంటె చక్కగా వెలుగు చుక్కలు కాడ్మియముతో చేసినవి. కాడ్మియము విషము. అది శరీరములో చేరిన త్వరగా పోదు. మూత్రపిండములలో సంవత్సరములకొలది నిలుచును. జపాను దేశపు టొయామా మండలములో, గనుల మురుగువలన జింజూ నదిలో కాడ్మియము కలసి, ఆ నీటితో పండిన వరి తిన్నవారికి మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి విరుగు వ్యాధి వచ్చెను. నొప్పిచే రోగులు పెట్టు కేకలే ఆ వ్యాధికి పేరైనవి. 1968లో ఆ ప్రభుత్వము దానిని కాలుష్యవ్యాధిగా అంగీకరించెను. బావినీటితోను, పెన్నానది నీటితోను పంటలు పండించుకొను మనకు ఈ కథ పరాయిది కాదు.

తెరలోని పొర రెండు పలకల నడుమ మూసియుండును గనుక చూచువారికి భయము లేదు. భయము పెట్టె పాతబడినపుడు. ఐరోపా దేశములును, మన దేశపు ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములును కాడ్మియమునకు నూటికి 0.01 పాలు హద్దుగా పెట్టినవి. 2015 నుండి శాంసంగ్ మున్నగు సంస్థలు కాడ్మియము లేని ఇండియం ఫాస్ఫైడు చుక్కలను వాడజొచ్చినవి. వాని రంగుపట్టీ కొంత వెడల్పు. స్వచ్ఛత ఒకింత తక్కువ. ఆ స్వల్పభేదము మన కంటికి పెద్ద నష్టము కాదు. భూమికి, నీటికి మాత్రము పెద్ద లాభము. కావున క్రొత్తపెట్టె కొనునపుడు కాడ్మియము లేనిదేనా యని అడుగుట మంచిది. పాతపెట్టెను పగులగొట్టి రాగికై కాల్చువారి చేతికి గాక, అనుమతి పొందిన సేకరణ కేంద్రమునకు ఇచ్చుట ధర్మము. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నియమములు ఉత్పత్తిదారులపైనను ఈ బాధ్యత నుంచినవి.

తుదకు పిల్లలతో కలసి ఇంటనే చేయదగిన పరీక్షయొకటి చెప్పుదుము. పాత పాటల సి.డి. నొకటి తీసికొని, రాత్రివేళ గదిలో ఒక్క దీపమే యుంచి, పలకను ఏటవాలుగా పట్టుకొని ఆ దీపపు ప్రతిబింబమును చూడుడు. దానిలోని సన్నని గీతలు వెలుగును రంగులుగా విడదీయును. కొవ్వొత్తి వెలుగు ఎడతెగని పట్టీగా కనబడును. ట్యూబులైటు వెలుగు విడివిడి గీతలుగా చీలును. తెల్లని ఎల్‌ఈడీలో నీలము ప్రక్కన చీకటి లోయ కనబడును. క్వాంటం చుక్కల తెరపై తెల్లని బొమ్మ నుంచి చూచిన నీలము, పచ్చ, ఎరుపు వేరువేరుగా తేలును. సూర్యుని ప్రతిబింబమును మాత్రము ఇట్లు చూడరాదు, కన్నులకు హాని. ఆ మూడు పట్టీలలో పచ్చకును ఎరుపునకును భేదము పదార్థముది కాదనియు, మూడు నాలుగు నానోమీటర్ల పరిమాణముదియేననియు పిల్లలకు చెప్పుడు. ఎందుకని వారు తప్పక అడుగుదురు. అప్పుడు ఇంటిలో వీణయున్న వీణను, లేకున్న బిగించికట్టిన తీగనొకదానిని చూపి, వ్రేలితో నొక్కి మీటి వినిపించుడు.